నడుం నొప్పికి ఆపరేషన్: కోత ఏ నొప్పికి పనిచేస్తుంది, దేనికి పనిచేయదు

కిందటేడు సార్వా నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో, అంబాజీపేట దగ్గరి పల్లె నుంచి కొబ్బరికాయలు వలిచే పని చేసే ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. చేతిలో బట్టల కొట్టు సంచి, అందులో ఎమ్మారై ఫిల్ములు. కుర్చీ చూపిస్తే కూర్చోలేక గోడకు చెయ్యి ఆన్చి, బరువంతా కుడికాలి మీద వేసి, ఒక పక్కకు ఒరిగి నిలబడ్డాడు. "డిస్కు జారిపోయిందంటండి. సోమవారం వచ్చి జాయినైపోమన్నారు. కోయించేసుకోమంటారా, ఆగమంటారా?" అని అడిగాడు. ఫిల్ములు తీయబోతుంటే వద్దని, ముందు నొప్పి ఎక్కడుందో చేత్తో చూపించమన్నాను. ఆయన చెయ్యి నడుము మీద క్షణం కూడా ఆగకుండా పిర్ర మీదుగా తొడ వెనక్కి, పిక్కకు, అక్కడి నుంచి ఎడమ పాదం బొటనవేలి దాకా గీత గీసినట్టు దిగిపోయింది.

నేను కోనసీమలోని ఒక చిన్న పట్టణంలో ఫిజియోథెరపీ చేసేవాణ్ణి కాబట్టి, ఆపరేషన్ వద్దనడమే నా వృత్తికి లాభమని పాఠకులు అనుకోవచ్చు. ఆ అనుమానం ఉంచుకునే చదవండి. ఆపరేషన్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న నుంచి మొదలుపెట్టినవాళ్ళు తెమలని చర్చలో పడతారు. ఆ చెయ్యి ఎటు దిగిందో చూసి మొదలుపెడితే చిక్కు చాలావరకు విడిపోతుంది.

నడుము భాగంలో 5 వెన్నుపూసలు ఉంటాయి, వాటి మధ్య డిస్కులు ఉంటాయి. డిస్కు అంటే ఏమిటో మన ప్రాంతంవారికి చెప్పడం తేలిక: తాటి ముంజెను తలచుకుంటే చాలు. లేత ముంజెలో నీరు నిండుగా ఉండి వేలితో నొక్కితే మెత్తగా ఒదుగుతుంది, ముదిరే కొద్దీ నీరు తగ్గి గట్టిపడుతుంది. డిస్కులోని గుజ్జు కూడా వయసుతో అలాగే నీరు కోల్పోతుంది. అయితే ముంజె తొక్క పలచన, డిస్కు చుట్టూ ఉండే పొరలు మాత్రం పీచు తాళ్ళలా గట్టివి, పైనా కిందా పూసలకు అతుక్కుని ఉంటాయి. అందువల్ల డిస్కు జారదు. "జారింది" అన్న మాటను వాడుకలోంచి తీసేయగలిగితే సగం భయం తగ్గుతుందని నాకు తరచూ అనిపిస్తుంది. నిజంగా జరిగేది ఏమిటంటే, ఆ పొరల్లో ఒకచోట చీలిక వచ్చి లోపలి గుజ్జు కొంత బయటికి తోసుకువస్తుంది. అది పక్కనే కాలికి పోయే నరాన్ని నొక్కడమే కాకుండా, తనలోని రసాయనాలతో దాన్ని వాచేలా చేస్తుంది. నరం వెళ్ళేది కాలికి కాబట్టి నొప్పి తెలిసేది కాలిలో. ఇలా పొడుచుకొచ్చిన డిస్కుకూ కాలి నొప్పికీ ఉన్న సంబంధాన్ని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ స్పష్టంగా రాశారు. డిస్కు ఆపరేషన్లు ఊపందుకున్నది ఆ తరవాతే.

శస్త్రచికిత్స చేయగలిగిన పని కూడా ఇక్కడే తేలిపోతుంది. నరం మీద ఒత్తిడి ఉంటే అది ఆ ఒత్తిడిని తీసేస్తుంది. నరం నొక్కుకోకుండా నడుములోనే ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి కండరాలు, కీళ్ళు, డిస్కు, నిద్రలేమి, దిగులు, నొప్పికి అలవాటుపడి అతిగా స్పందించే నాడీ వ్యవస్థ అన్నీ కలిసి కారణమవుతాయి కనుక, అందులో కోసి తీసేయదగిన చోటు సాధారణంగా దొరకదు. కాలిలో ఉన్న నొప్పికి కత్తి పనిచేసినంతగా నడుములో ఉన్న నొప్పికి పనిచేయకపోవడానికి మూలం ఇదే.

మరి ఎమ్మారైలో అంత స్పష్టంగా కనిపిస్తోంది కదా అంటారు. అసలు పేచీ అక్కడే. నొప్పి అంటూ ఏమీ లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. అందులో 20 ఏళ్ళవారిలోనే నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనిపించింది, 50 ఏళ్ళవారిలో 80 మందికి, 80 ఏళ్ళవారిలో 96 మందికి. డిస్కు ఉబ్బు 50 ఏళ్ళవారిలో నూటికి 60 మందికి ఉంది. వీళ్ళెవరికీ నడుం నొప్పి లేదని మరొక్కసారి గుర్తుచేస్తున్నాను. కాబట్టి రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు మోసే యాభయ్యేళ్ళ మనిషికి స్కాన్ తీస్తే ఏదో ఒకటి కనిపించకపోతేనే వింత. కనిపించినదానికీ బాధకూ పొంతన కుదరాలి: ఫిల్ములో ఎడమవైపు నరం నొక్కుకుని ఉంటే నొప్పి ఎడమ కాలిలోనే, ఆ నరం పోయే దారిలోనే ఉండాలి, ఆ దారిలో తిమ్మిరో, బలహీనతో కూడా ఉంటే పొంతన ఇంకా గట్టిపడుతుంది. ఒకావిడకు కుడికాలు లాగుతుంటే, ఎడమవైపు ఉబ్బు చూపించిన ఫిల్మును బట్టి ఆపరేషన్ తేదీ ఖాయం చేసిన సంగతి నాకు తెలుసు. ఎక్కడ జరిగిందన్నది అనవసరం; పరీక్ష బల్ల మీద ఆవిడ కాలు ఎవరూ ఎత్తి చూడలేదన్నదే అవసరం.

వేచి ఉండడానికి ఏమాత్రం వీలులేని సందర్భాల గురించి ముందే చెప్పుకోవాలి. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసి, అక్కడి నుంచి కింద నరాలు కుచ్చులా వేలాడుతుంటాయి. డిస్కు ముక్క పెద్దదై ఆ కుచ్చు మొత్తాన్నీ నొక్కితే, తొడల సందున, కూర్చునేచోట మొద్దుబారిపోతుంది, మూత్రం వస్తున్నట్టు తెలియదు లేదా బొత్తిగా ఆగిపోతుంది, మలవిసర్జన మీద పట్టు పోతుంది, రెండు కాళ్ళూ బలహీనపడతాయి. అప్పుడు ఫిజియోథెరపీ లేదు, సెకండ్ ఒపీనియన్ లేదు. ఆ రాత్రికే కాకినాడ పెద్దాసుపత్రికో, ఎమ్మారై, వెన్ను సర్జను రెండూ దొరికే మరో చోటికో బయల్దేరాలి. ఆలస్యమైన ప్రతి గంటకూ మూత్రం మీద పట్టు తిరిగి వచ్చే అవకాశం తగ్గుతూ పోతుంది. దీనికంటే కొంచెం తక్కువ తొందరది, అయినా వాయిదా వేయకూడనిది, పాదం వాలిపోవడం. గట్టు మీద నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మడమల మీద నిలబడమంటే ఒక పాదం పైకి లేవకపోవడం దాని గుర్తులు. నొప్పి ఎంత ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పైగా నొప్పి ఉన్నట్టుండి తగ్గి బలం కూడా తగ్గితే దాన్ని గుణంగా భావించకూడదు.

నొప్పికి కారణం డిస్కు కాని సందర్భాలూ కొన్ని ఉంటాయి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట పెరిగే నొప్పి ఉంటే వెన్నుపూస క్షయను అనుమానించాలి. ఎక్కువమందికి అది మందులతోనే నయమవుతుంది. పెద్ద వయసు ఆడవాళ్ళకు చిన్న జారుపాటుకే పూస చితకవచ్చు. పాతికేళ్ళ కుర్రవాడికి పొద్దున్నే నడుము బిగుసుకుపోయి, పనిలో పడ్డాక వదులైతే అది కీళ్ళవాతపు జాతిది. ఇవన్నీ తేలాకే ఆపరేషనా కాదా అన్న మాట.

ఇక మొదట చెప్పిన కొబ్బరి వలుపు మనిషి లాంటి వారి సంగతి. నరం నొక్కుకుని కాలు లాగుతోంది, అయితే బలం తగ్గలేదు, మూత్రానికి ఇబ్బంది లేదు. ఇలాంటివారి కోసమే నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పరిశోధన 2007లో వచ్చింది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలి నొప్పితో బాధపడుతున్న 283 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి వెంటనే ఆపరేషన్ చేశారు, రెండోవారికి మందులు, కదలికలతో వేచి చూశారు. ఆపరేషన్ అయినవారు సగటున 4 వారాల్లో కోలుకున్నారు, వేచి చూసినవారికి 12 వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ నూటికి 95 మంది బాగుపడ్డారు. వేచి చూసిన వర్గంలో నూటికి 39 మంది ఓర్చుకోలేక చివరికి ఆపరేషన్ చేయించుకున్నారన్న సంగతినీ దాచకూడదు. ఈ అంకెలను ఎటువైపు వాదించేవారు అటువైపు లాక్కుంటారు. నాకు వీటిలో కనిపించేది ఒక బేరం: ఆపరేషన్ అమ్మేది ఆ ఎనిమిది వారాలను. ఆ ఎనిమిది వారాల నొప్పి ఎవరికి ఎంత ఖరీదన్నది డాక్టరు చెప్పగలిగిన విషయం కాదు, రోగి చెప్పవలసినది.

కూలి పని చేసేవారు ఇక్కడ ఒక పొరపాటు లెక్క వేస్తారు. ఆపరేషన్ అయితే నెల తిరక్కుండా పనిలోకి పోవచ్చుననీ, ఆగితే సీజను పోతుందనీ అనుకుంటారు. కాలి నొప్పి త్వరగా పోతుంది, నిజమే. అయితే కోత పడ్డ నడుముతో మొదటి కొన్ని వారాలు వంగడం, బరువెత్తడం, మెలితిప్పడం వద్దనే అంటారు. నేలలో పాతిన గునపం మొన మీదకు కాయను బలంగా దించి, నడుము వంచి పక్కకు తిప్పితే గాని పీచు ఊడదు. అదే కదలికను రోజుకు వందల సార్లు చేసే మనిషికి ఈ మూడూ నిషేధిస్తే పని లేనట్టే. అంటే సీజను రెండు దారుల్లోనూ పోతుంది. నొప్పితో పోతుందా, నొప్పి లేకుండా పోతుందా అన్నదే తేడా.

వేచి ఉన్నప్పుడు లోపల ఏం జరుగుతుందన్నది చాలామందికి నమ్మశక్యం కాదు. బయటికి వచ్చిన గుజ్జును శరీరం పరాయి వస్తువుగా గుర్తించి, రక్తకణాలను పంపి, మెల్లగా తినేస్తుంది. కొంచెం ఉబ్బిన డిస్కు కంటే, పూర్తిగా తెగి బయటపడ్డ ముక్కే ఎక్కువగా కరిగిపోతుంది. ఫిల్ములో భయంకరంగా కనిపించేదే తనంతట తాను తగ్గే అవకాశం ఎక్కువున్నది కావడం ఈ వ్యాధిలోని తమాషా. అలాగని ఏళ్ళ తరబడి ఆగడం కూడా తెలివైన పని కాదు. కాలి నొప్పి నాలుగు నెలలు దాటి ఏడాదిలోపు ఉన్న 128 మందిపై కెనడాలో జరిపిన పరిశోధన 2020లో వచ్చింది. పదికి ఇన్నని నొప్పిని కొలిస్తే, ఆరు నెలలకు ఆపరేషన్ అయినవారిలో అది 2.8, మిగతావారిలో 5.2. మొదటి ఆరు వారాల్లో తొందరపడవద్దు, మూడు నాలుగు నెలలు నిజాయితీగా ప్రయత్నించాక కూడా కాలు నిద్రపోనివ్వకపోతే ఆపరేషన్‌ను దూరం పెట్టవద్దు అన్నది వీటన్నిటి నుంచి నేను తీసుకున్న కొలత.

పెద్దవయసు వారిలో కనిపించే రెండో సమస్య నరాల దారి ఇరుకైపోవడం. నరసాపురం వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ, నలభై ఏళ్ళు లేసు అల్లిన మనిషి, తన బాధను ఇలా చెప్పింది: "వీధి చివరి గుడి దాకా నడవలేనండి, రెండు కాళ్ళూ బరువెక్కిపోతాయి. అరుగు మీద కూర్చుంటే పోద్ది." ఇదే జబ్బున్న మగవాళ్ళు నాలుగు మైళ్ళు సైకిలు తొక్కగలరు గానీ నాలుగు వందల గజాలు నడవలేరు. హ్యాండిల్ మీదకు వంగితే వెన్నులోని దారి కొంచెం తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే మూసుకుంటుంది. సిగరెట్లు, చుట్టలు కాల్చేవారిలో కాలి రక్తనాళాలు పూడుకుపోయినా నడకలో పిక్కలు పట్టేస్తాయి, అయితే వారికి నిలబడితే చాలు, కూర్చోనక్కర్లేదు; ఈ తేడా తెలియక నడుముకు స్కానులు తీయించుకునేవారు ఉన్నారు.

ఈ ఇరుకుదారికి డిస్కులా కరిగిపోయే గుణం లేదు. చాలామందికి ఏళ్ళ తరబడి ఉన్నదున్నట్టే ఉంటుంది, కొందరికి పెరుగుతుంది. 2015లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో ఆపరేషన్ వర్గమూ ఫిజియోథెరపీ వర్గమూ రెండేళ్ళకు దాదాపు ఒకేలా ఉన్నాయి, కానీ రెండో వర్గంలో సగానికి పైగా మధ్యలో ఆపరేషన్‌కు మారారు. నా వృత్తికి అనుకూలమైన ముగింపు ఈ వాక్యం మొదటి సగం. రెండో సగాన్ని వదిలేస్తే అది అబద్ధమవుతుంది. ఆ పెద్దావిడకు మూడు నెలలు వ్యాయామం చేయించినా గుడి దగ్గర కాలేదు. డెబ్బయి దాటిన వయసులో కోత ఏమిటని కొడుకులు వెనకాడారు, వెళ్ళమని నేనే చెప్పాను. ఎముక కొంత చెక్కి నరాలకు చోటు చేశారు. ఇప్పుడు నడుస్తోంది.

మూడోది ఎక్కువమందికి ఉన్నది: కాలిలోకి దిగని, నడుములోనే ఉండే, మూడు నెలలు దాటిన నొప్పి. దీనికి పూసలను స్క్రూలు, రాడ్లతో బిగించి ఒకటిగా కలిపేసే ఆపరేషన్‌ను సూచించడం కద్దు. 2005లో బ్రిటన్‌లో 349 మందిపై చేసిన పరిశోధనలో, ఈ బిగింపు ఆపరేషన్ గట్టి వ్యాయామ శిక్షణ కంటే మెరుగని స్పష్టమైన ఆధారం దొరకలేదు. అంతకు ముందు నార్వేలోనూ దాదాపు అదే తేలింది. పూస ముందుకు జరిగి నరాల దారి ఇరుకైనవారికి కూడా బిగింపు తప్పనిసరి కాదని 2021లో మళ్ళీ నార్వే నుంచే మరో ఫలితం వచ్చింది. 267 మందిలో నరానికి చోటు మాత్రమే చేసినవారూ, స్క్రూలు కూడా వేసినవారూ రెండేళ్ళకు ఇంచుమించు సమానంగా, నూటికి 70 పైచిలుకు, మెరుగుపడ్డారు. ఒకచోట బిగిస్తే ఆ కదలిక భారం పైపూస మీదకో కిందిపూస మీదకో పోతుందన్న సంగతి వేరే. పొగాకు వల్ల ఎముక అతుక్కోవడం కుంటుపడుతుంది. లంక పొగాకు చుట్ట వదలని మా ప్రాంతపు పెద్దలకు స్క్రూలు వేసే ముందు ఆ ఒక్కమాటా గట్టిగా చెప్పాలి.

ఆపరేషన్ కాకపోతే మరేమిటి అన్నదానికి మన దగ్గర దొరికే జవాబు కూడా అంత గొప్పగా లేదు. "ఫిజియోథెరపీ చేయించానండి, తగ్గలేదు" అన్నవారిని అడిగితే, పది రోజులు బోర్లా పడుకుని కరెంటు పెట్టించుకున్నామనో, నడుముకు బరువులు కట్టి లాగించుకున్నామనో, ఆరు నెలలు బెల్టు తీయలేదనో చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పిపై ఇచ్చిన సూచనల్లో నడుము బెల్టులు, బరువులతో లాగడం, నల్లమందు జాతి మాత్రలు మామూలుగా వాడవద్దని ఉంది. వ్యాయామం, వ్యాధి గురించి అవగాహన, మానసిక తోడ్పాటు చేయవలసినవాటిలో ఉన్నాయి. బరువులతో లాగడం, కరెంటు పెట్టడం లాంటివే మా వృత్తికి కూడు పెడుతున్నాయి కాబట్టి ఈ మాట రాయడం నాకు అంత తేలిక కాదు. కాలి నరపు నొప్పికి విరివిగా రాసే ప్రీగాబలిన్ కూడా, 2017లో ఆస్ట్రేలియాలో 209 మందిపై పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు, తలతిరుగుడు మాత్రం పెంచింది. వెన్నులో వేసే స్టెరాయిడ్ సూది కొందరికి కొన్ని వారాల ఊరట ఇస్తుంది, ఆ ఊరటలో నడక మొదలుపెట్టగలిగితే దానికి విలువ ఉంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ వేసే సూదిలో ఏముందో తెలియకుండా నెలనెలా వేయించుకోవడం వేరే విషయం. అది స్టెరాయిడ్ అయితే సుగరు పెంచి, ఎముకలను గుల్ల చేసి, కొత్త నడుం నొప్పిని తెచ్చిపెడుతుంది.

పనిచేసేది చూడడానికి చాలా మామూలుగా ఉంటుంది. నడుం నొప్పి తగ్గినవారు 701 మందిని తీసుకుని, కొందరికి క్రమంగా పెంచుకుంటూ పోయే నడక నేర్పిన ఆస్ట్రేలియా పరిశోధన 2024లో వచ్చింది. నడిచినవారికి మళ్ళీ నొప్పి రావడానికి సగటున 208 రోజులు పడితే, నడవనివారికి 112 రోజులే. కాలవ గట్టున్న ఊళ్ళో దీనికి పైసా ఖర్చు లేదు. నడకతో పాటు నడుము, పిర్ర కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి మూడు నాలుగుసార్లు, నెప్పి కొంచెం ఉన్నా ఆపకుండా, పన్నెండు వారాలు చేస్తేనే చేసినట్టు లెక్క. మంచం పట్టడం ఒకటి రెండు రోజులకు మించితే నష్టమే.

ఆపరేషన్ అంటే కాళ్ళు పడిపోతాయన్న భయం మాత్రం చాలావరకు పాత కథ. నడుము దిగువన కోసేచోట వెన్నుపాము ఉండదు, విడివిడి నరాలే ఉంటాయి. అసలు ప్రమాదాలు వేరు: చీము పట్టడం, నరాల చుట్టూ ఉండే పొర చిరగడం, అదే డిస్కు మళ్ళీ పొడుచుకురావడం. ఈ చివరిది నూటికి 5 నుంచి 15 మందిలో జరుగుతుంది. ఖర్చు విషయంలో ఒక వంకర ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు అక్కరకు వస్తాయి. మూడు నెలలు వారానికి రెండుసార్లు వ్యాయామం నేర్చుకోవడానికి వచ్చే మనిషి ఆటో కూలీ, పోయిన పూట కూలీ తన జేబులోంచే పెట్టుకుంటాడు. పేదవాడికి కోత ఉచితం, ఓపిక ఖరీదు.

సర్జన్ను అడగవలసినవి ఎక్కువేం లేవు. ఏ నరం నొక్కుకుంది, అది నా కాలి బాధకు సరిపోతోందా. ఆరు వారాలు ఆగితే నాకు పోయేదేమిటి. నరానికి చోటు చేస్తే చాలునా, స్క్రూలు ఎందుకు. కాలి నొప్పి పోయాక నడుం నొప్పి ఎంత మిగులుతుంది. మంచి సర్జను వీటికి విసుక్కోడు. ముఖ్యంగా చివరిదానికి.

వలుపు మనిషి సోమవారం జాయిన్ కాలేదు. పాదం బలం పదిహేను రోజులకోసారి చూస్తూ, తగ్గితే ఆ రోజే పంపిస్తానన్న షరతు మీద ఆగాడు. మొదటి నెల నరకం చూశాడు, రెండుసార్లు ఆపరేషన్‌కే పోతానన్నాడు, రెండోసారి నేనూ కాదనలేదు. తొమ్మిదో వారంలో నొప్పి పిక్కను వదిలి తొడ దాకానే ఆగింది, నాలుగో నెలకు కాలు వదిలేసింది. నడుములో మొండి నొప్పి మాత్రం ఉండిపోయింది. మొన్న వచ్చి, "ఇదేదో కూడా కోయించేసుకుంటే పోద్దేమో కదండీ?" అన్నాడు. పోదని చెప్పాను. కాయలు ఒకే విడతగా కాకుండా గంటకోసారి ఆగి వలుస్తున్నాడు. రోజుకు మునుపటి కంటే తక్కువ కాయలవుతున్నాయని అతని భార్యకు అసంతృప్తి.